ఆల్‌ఫ్రెడ్ బినే

బోథ్ మండలము ఆదిలాబాదు జిల్లాలో మహారాష్ట్రపు సరిహద్దు నానుకొని యున్నది. అడవులు, ప్రత్తిచేలు, కడెము వాగుమీది పొచ్చెర జలపాతము ఆ సీమకు గుర్తులు. అచ్చటి పాఠశాలలో ఒక తరగతి గదిలోని పిల్లలను విచారించినచో, ఒకని యింట గోండి భాషను, వేరొకని యింట మరాఠీని, ఇంకొకని యింట లంబాడీని, మఱియొకని యింట ఉర్దూను మాటలాడుదురు. పాఠము మాత్రము తెలుగులో చదువుదురు. ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి వీరిలో పలువురు కేంద్రప్రభుత్వపు ఉపకారవేతన పరీక్షకు కూర్చుందురు. అందు నెగ్గినవారికి తొమ్మిదవ తరగతి మొదలుకొని నాలుగు సంవత్సరములు ఏటేట 12,000 రూపాయలు లభించును. పేదయింటి బాలునకు ఆ సొమ్ము చిన్నది కాదు. చదువు సాగుటయు, ఆగిపోవుటయు దానిపై నాధారపడి యుండవచ్చును.

ఆ పరీక్షలోని రెండు పత్రములలో ఒకటి మానసిక సామర్థ్యమునకు సంబంధించినది. అందు 90 ప్రశ్నలు. కాలము 90 నిమిషములు. చరిత్రయు లేదు, భూగోళమును లేదు. అంకెల వరుసలతోపాటు పటములు కూడ నుండును. మూడు పటములు వరుసగా గీచి నాలుగవది యెట్లుండవలెనని అడుగుదురు. పెద్ద పటములో దాగియున్న చిన్న పటమును వెదకుమందురు. ఇట్టి పరీక్షలలో మడిచి కత్తిరించిన కాగితమును విప్పినచో ఏ ఆకారము కనబడునను ప్రశ్నయు తఱచుగా వచ్చును. ఒక బాలుడు చూచీచూడగనే జవాబు గుర్తించి ముందునకు పోవును. ప్రక్కనున్న బాలుడు ఆ గీతలవంక తేఱిపార చూచుచుండగనే గంట మ్రోగును. ఇంటికి పోవునప్పుడు ఆ రెండవవాడు తన బుఱ్ఱలో గుజ్జు లేదని తలచును. పెద్దలలో కొందరు ఔనందురు. ఆ మాట నిజమా? మడిచిన కాగితమును బుద్ధిపరీక్షలో చేర్చి, నూఱేండ్లకు పూర్వము పారిస్ నగరమున పిల్లల ముందుంచిన మనుష్యుని జీవితమును పరిశీలించినయెడల ఈ సంగతి కొంత తెలియగలదు.

ఆల్‌ఫ్రెడ్ బినే 1857వ సంవత్సరము జూలై 8వ తేదీన మధ్యధరా సముద్రతీరమందలి నీస్ పట్టణమున జన్మించెను. అప్పటికి నీస్ సార్డీనియా రాజ్యములోనిది. 1860లో ఫ్రాన్సులో కలిసినది. తండ్రి వైద్యుడు. తల్లి చిత్రలేఖనము నెఱిగిన స్త్రీ. కుమారుడు చిన్నవాడై యుండగనే తలిదండ్రులు విడిపోయిరి. తల్లియే ఆతనిని పెంచెను. బాలుడు మిక్కిలి పిఱికి. ఆ పిఱికితనమును పోగొట్టదలచి తండ్రి యొకనాడు ఆతనిచేత శవమును తాకించెనని చెప్పుదురు. పిఱికితనము పోలేదు; ఆ భయము మాత్రము చిరకాలము మనసున నిలిచినది. పిల్లవానిని పరీక్షించుటకును, బెదరించుటకును గల భేదము ఆ వైద్యునకు తోచలేదు. కుమారుడు పెద్దవాడైన పిమ్మట పరీక్షకు వచ్చిన ప్రతి బాలునితోను మొదట చనువుగ మాటలాడి, భయము తీర్చి, పిదపనే ప్రశ్నలు ప్రారంభింపవలెనని నియమము పెట్టెను.

పదునైదవయేట బినే తల్లితో పారిస్ చేరి లూయీ లె గ్రాన్ పాఠశాలలో చదివెను. 1878లో న్యాయశాస్త్ర పట్టమును పొందెను గాని ఆ వృత్తి రుచింపలేదు. వైద్యము చదువబోయి నడుమనే మానెను. అటుపై జాతీయ గ్రంథాలయమున కూర్చుండి, గురువు లేకుండ, మనస్తత్త్వ శాస్త్రగ్రంథములను తనంతట తాను చదువసాగెను. 1880లో తన మొదటి వ్యాసము ప్రకటింపగా, బెల్జియము దేశపు పండితుడు డెల్బెఫ్ అందలి లోపములను ఎత్తిచూపెను. గురువు లేని చదువునకు స్వేచ్ఛ హెచ్చు. తప్పు దిద్దువారు తక్కువ. బినేకు ఈ రెండును అనుభవమైనవి.

ఆ కాలమున పారిస్‌లోని సాల్పెట్రియేర్ వైద్యశాలయందు షార్కో అను మహావైద్యుడు నరముల వ్యాధులను చికిత్స చేయుచు, రోగులను వశీకరణ నిద్రలో ముంచి వింతలు చూపుచుండెను. 1883 ప్రాంతమున బినే అచ్చట చేరెను. ఫెరే అను సహచరునితో కూడి యాతడొక విచిత్రమును ప్రకటించెను. వశీకరణ నిద్రలోనున్న స్త్రీ కుడిచేయి పక్షవాతము కలదానివలె బిగిసియుండగా, దగ్గఱ అయస్కాంతము నుంచినచో ఆ బిగువు ఎడమచేతికి మాఱునట! ఈ సంగతి విన్న డెల్బెఫ్ స్వయముగ పారిస్ వచ్చి చూచెను. అయస్కాంతము రోగి కన్నులయెదుటనే యున్నది. ఏమి జరుగబోవునో వైద్యులు ఆమె వినుచుండగనే చెప్పుకొనుచుండిరి. ఆమె వారు కోరిన దానిని చేయుచుండెను, అంతే. అయస్కాంతమును కనబడనీయకుండ పరీక్షించినచో ఆ వింత యేమియు జరుగదని తేలెను.

బినే మొదట వాదించెను, కోపించెను. తుదకు పొరపాటును బహిరంగముగ ఒప్పుకొనెను. పేరుప్రతిష్ఠలు వచ్చు సమయమున ఇట్లు ఒప్పుకొనుట సామాన్యము కాదు. 1890 నాటికి ఆ వైద్యశాలను విడిచెను. తాను చూడగోరిన దానినే తన కన్ను చూచెనని ఆతడు గ్రహించెను. మనుష్యుని కన్ను ఒక వరుసను ఎంత శీఘ్రముగ పట్టుకొనునో, లేని వరుసను గూడ అంత శీఘ్రముగ కల్పించుకొనునను విషయము ఆనాటినుండి ఆతని పరిశోధనలకు మూలమైనది.

దీనిని గూర్చి ఆతడు చేసిన పరీక్ష యొకటి మిక్కిలి సులభమైనది. పాఠశాల పిల్లలకు గీతలు ఒకదాని తరువాత నొకటి చూపి, అంతే పొడవుగల గీతలను గీయుమనెను. మొదటి కొన్ని గీతలు క్రమముగ పొడవు పెరుగును. ఆ పిమ్మటివన్నియు సమానమే. ఐనను పిల్లలలో చాలమంది సమానమైన గీతలను గూడ అంతకంతకు పొడవుగ గీయుచు పోయిరి. పెరుగుదల యను క్రమము వారి మనసున పడినది. కన్నులు ఎదుటి గీతను చూచుట మానినవి. కొందరు మాత్రము కొంతదూరము పోయి ఆగి, మరల గీతను చూచి, సరిదిద్దుకొనిరి. 1900లో వెలువడిన గ్రంథమున బినే ఈ పరీక్షలను వివరించెను. పటముల పరీక్షలో మొదటి రెండు పటములు చూచి తొందరపడి మూడవదానిని చూడకయే గుర్తు పెట్టు బాలుడు చేయు తప్పు సరిగా ఇదియే.

బినే 1884లో లోర్ బాల్బియానీ అను కన్యను వివాహమాడెను. ఆమె తండ్రి ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు. వారికి మాడ్లెన్, ఆలీస్ అను ఇద్దరు కుమార్తెలు కలిగిరి. వైద్యశాలలో మోసపోయిన తండ్రి ఇంట తన బిడ్డలను పరిశీలింపసాగెను. చిన్నపిల్ల ముందు బిళ్లలను రెండు కుప్పలుగ పఱచి, ఏది హెచ్చని అడుగుచుండెను. బిళ్లలన్నియు ఒకే పరిమాణము గలవైనప్పుడు, లెక్కింప నేర్వని పాపయు చాలవఱకు సరిగ చెప్పుచుండెను. పెద్ద బిళ్లలు కొన్ని ఒకవైపునను, చిన్న బిళ్లలు వానికంటె ఎక్కువ ఇంకొకవైపునను ఉంచినప్పుడు మాత్రము పెద్ద బిళ్లలనే హెచ్చనెను. పాప సంఖ్యను చూచుటలేదు; కుప్ప ఆక్రమించిన చోటును చూచుచున్నది. జవాబు తప్పైనను, ఆ తప్పులో ఒక క్రమమున్నది. తప్పు ఎట్లు పుట్టెనో తెలిసికొనుట ఒప్పును లెక్కించుటకంటె విలువైనదని బినే నేర్చినది ఈ ఆటలవలననే.

అక్కచెల్లెండ్రు ఒకే యింట, ఒకే తిండి తిని, ఒకే తల్లిదండ్రులవద్ద పెరిగిరి. ఐనను మాడ్లెన్ నిలుకడ కలది. ఎదుటనున్న వస్తువును శ్రద్ధతో చూచి ఉన్నది ఉన్నట్లు చెప్పును. ఆలీస్ ఊహాశాలిని, వస్తువును చూచి కథ నల్లును. వీరిలో తెలివిగలది ఎవతె? తండ్రికి ఆ ప్రశ్నయే అసంబద్ధముగ తోచెను. బుద్ధి ఒకే త్రాసులో తూగు వస్తువు కాదని ఆతడు ఇంటనే చూచుచుండెను. ఆ కుమార్తెలను గూర్చి ఏండ్లతరబడి వ్రాసికొన్న విషయములతో 1903లో పెద్ద గ్రంథము ప్రకటించెను.

1891లో బినే సోర్బాన్ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ ప్రయోగశాలలో చేరెను. అదియు జీతము లేకుండ. 1894లో దానికి అధ్యక్షుడై మరణాంతము ఆ పనియందుండెను. 1895నుండి మనస్తత్త్వ శాస్త్రమునకు వార్షిక పత్రికను నడపెను. ఐనను ఫ్రాన్సులోని ఏ విశ్వవిద్యాలయమును ఆతనికి ఆచార్యపదవి నీయలేదు. పోటీ చేసిన ప్రతిసారియు వేరొకరు నెగ్గిరి. పరీక్షలకు పితామహుడైనవాడు తన జీవితమున పలుమారులు ఎంపిక కానివాడే!

ప్రయోగశాలకు వచ్చిన తొలినాళ్లలో ఆతడు లెక్కలలో మేటులైన ఇద్దరిని పరీక్షించెను. ఇనోదీ అనువాడు గొఱ్ఱెలు కాచిన పిల్లవాడు; చదువురాకయే నోటిలెక్కలు నేర్చెను. ఆతడు అంకెలను చెవితో విన్నట్లు జ్ఞాపకముంచుకొనును. డియమాండీ అను గ్రీకు దేశీయుడు అంకెలను పలకమీద వ్రాసినట్లు మనసున చూచును. ఇద్దరి జవాబులును ఒకటే, మార్గములు వేఱు. తరువాత చదరంగము నాడువారిని ప్రశ్నించెను. పలకను చూడకయే, కన్నులు మూసికొని, ఒకేసారి పలువురితో ఆడగల ఆటగాండ్రు వారు. పలక యంతయు ఛాయాచిత్రమువలె వారి మనసున నిలిచి యుండునని బినే ముందుగ ఊహించెను. విచారింపగా వారిలో ఆరితేఱినవారు పావుల రంగును, ఆకారమును స్పష్టముగ చూచుటలేదని తెలిసెను. ఏ పావు ఏ దిక్కునకు పోగలదో, దేనిని కాచుచున్నదో, దేనిని బెదరించుచున్నదో, ఆ సంబంధమే వారికి గోచరించును. నేర్పరి చూచునది బొమ్మ కాదు. బొమ్మల నడుమనున్న బంధము. ఆ చూపు వేలకొలది ఆటలవలన వచ్చినది.

ఈ కాలముననే బినే వేరొక త్రోవ త్రొక్కి మరల వెనుకకు వచ్చెను. తల పెద్దదైనచో తెలివి హెచ్చని ఐరోపా పండితులు నమ్మెడి రోజులవి. బినేయు కొలబద్ద పుచ్చుకొని పాఠశాలలకు పోయెను. ఉపాధ్యాయులు ఏఱి పంపిన తెలివిగల పిల్లల తలలను, వెనుకబడిన పిల్లల తలలను కొలిచెను. తేడా ఇంచుమించు ఒక మిల్లీమీటరు! అదియు నమ్మదగినదిగ లేదు. తెలివిగలవాడని ముందే తెలిసినచో చేయి తనకు తెలియకయే కొలత నొకింత పెంచునేమో యని శంక కలిగెను. సాల్పెట్రియేర్‌లో తగిలిన దెబ్బ ఆతడు మఱవలేదు. తలల కొలతలను కట్టిపెట్టెను.

ఫ్రాన్సులో 1882నుండి నిర్బంధ ప్రాథమిక విద్య అమలులోనికి వచ్చెను. అన్నివిధముల పిల్లలును బడికి రాసాగిరి. పాఠము అందుకొనలేని వారిని ప్రత్యేక తరగతులకు పంపవలెనని కొందరనిరి. ఎవరిని పంపవలెను? ఉపాధ్యాయుడు అల్లరిపిల్లవానిని వదలించుకొనుటకు మందుడని వ్రాయవచ్చును. తల్లిదండ్రులు నిజముగ కష్టపడుచున్న పిల్లవానిని దాచవచ్చును. వైద్యులు ఒకే పిల్లవానిని మువ్వురు మూడు పేర్లతో పిలుచుచుండిరి. ఈ చిక్కు తీర్చుటకు 1904లో విద్యామంత్రి యొక సంఘమును నియమించెను. బినే అందు సభ్యుడు. సీమోన్ అను యువవైద్యునితో కూడి, 1905లో 30 అంశములుగల కొలమానము నొకదానిని సిద్ధపఱచెను.

ఈ 30 అంశములు సులభమైన వానినుండి కఠినమైన వానివఱకు మెట్లుగ పేర్చబడినవి. మొదటిది వెలిగించిన అగ్గిపుల్లను కంటితో వెంబడించుట. పిమ్మట రెండు గీతలలో పొడవైనది చూపుట; అంకెలను విని తిరిగి చెప్పుట; ఐదు బరువులను క్రమముగ పేర్చుట; రెండు పటములను పది సెకండ్లు చూచి, అవి తీసివేసిన తరువాత గీయుట. తుదిమెట్లలో నున్నది కాగితపు ప్రశ్న. కాగితమును బాలుని యెదుట నాలుగు మడతలుగ మడిచి, మడత అంచున చిన్న త్రికోణమును కత్తిరింతురు. విప్పకుండ, విప్పినచో ఎట్లుండునో గీయుమందురు. చిన్నపిల్లలు త్రికోణపు చిల్లు నొకదానిని గీయుదురు. కత్తిరించినది త్రికోణమే కదా! మడత అంచున కత్తిరించిన త్రికోణము, మడత విప్పగనే రెండువైపులకు తెఱచుకొని వజ్రాకారపు చిల్లగును. రెండుసార్లు మడిచిరి గనుక అట్టి చిల్లులు రెండుండును. జవాబు తెలిసినవాడు కాగితమును మనసులో ఒక్కొక్క మడతగ విప్పును. ఒక్కసారిగ విప్పబోయినవాడు తప్పును. కాగితము చేతబట్టి రెండు మూడుసార్లు కత్తిరించి చూచిన పిల్లవానికి ఈ ప్రశ్న పిమ్మట కఠినముగ తోచదు.

1908లో ఆ కొలమానమును మూడేండ్ల వయస్సునుండి పదుమూడేండ్లవఱకు వయఃక్రమమున విభజించిరి. కన్ను గాని, ముక్కు గాని లేని ముఖముల బొమ్మలను చూపి లోపమేదో చెప్పుమనుట, చదరమును చూచి గీయుట, రెండు త్రికోణములను చేర్చి దీర్ఘచతురస్రము చేయుట మొదలగునవి ఇందు చేరినవి. పరీక్ష ఒక్కొక్క బాలునకు వేఱువేఱుగ, ప్రశాంతమైన గదిలో, సావకాశముగ జరుగవలెను. తెలిసి పంపుటకే గాని, వెలివేయుటకు కాదని బినే పలుమారులు హెచ్చరించెను. బాలుని బుద్ధి ఇంతేయని యొక అంకెతో కట్టివేయుట ఆతనికి సమ్మతము కాదు. బుద్ధి పెరుగదని పలికెడి పండితులను ఆతడు తీవ్రముగ ఖండించెను.

ఖండించి ఊరకుండలేదు. పారిస్‌లో గ్రాంజ్ ఓ బెల్ వీథియందలి పాఠశాలలో 1905లో పిల్లల కొఱకు ప్రయోగశాలను నెలకొల్పెను. అచ్చట తెలిసిన మొదటి విషయము మిక్కిలి సామాన్యమైనది. వెనుకబడినవారని పేరుపడిన పిల్లలలో కొందరికి చూపు మందము. నల్లబల్లమీది అక్షరములు వారికి కనబడుటయే లేదు! ఉపాధ్యాయులే చూపును పరీక్షించుటకు తగిన విధానమును బినే ఏర్పఱచెను. కండ్లజోడు లేనివానిని బుద్ధి లేనివాడనుట ఎంత అన్యాయము! ఈ అన్యాయము నేటికిని పల్లెబడులలో అరుదు కాదు.

వెనుకబడిన తరగతుల పిల్లలకు పాఠములు చెప్పుటకు ముందు వినుట, చూచుట, నిలుకడగ కూర్చుండుట నేర్పవలెనని ఆతడు తలంచెను. శరీరమునకు వ్యాయామమున్నట్లు మనసునకును వ్యాయామము కలదని చెప్పి, 1909లో వెలువడిన గ్రంథమున దానిని వివరించెను. ఆ వ్యాయామములు ఆటలవంటివి. ఉపాధ్యాయుడు సంజ్ఞ చేయగనే పిల్లలు విగ్రహములవలె కదలక నిలువవలెను. నీరు నిండిన పాత్రను తొణకకుండ మోసికొని పోవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది చూపునకు సంబంధించిన ఆట. కొన్ని వస్తువులు అతికించిన అట్టను ఐదు సెకండ్లు చూపి కప్పివేయుదురు. ఏమేమి చూచిరో వ్రాయవలెను. మొదట పిల్లలు కొలదివస్తువుల పేర్లనే వ్రాసిరి. దినదినమును అభ్యసింపగా ఆ సంఖ్య పెరుగుచు వచ్చెను. ఒకప్పుడు శాసనసభ్యులు కొందరు ఆ పాఠశాలను చూడవచ్చి, తామును ఆ అట్టను చూచి వ్రాయబోయి, మందులనబడిన ఆ పిల్లలకంటె వెనుకబడిరి. అభ్యాసమున్నది పిల్లలకు గాని వారికి కాదు గదా!

1911లో కొలమానమును మరల సవరించిన కొలదినెలలకే, అక్టోబరు 18వ తేదీన బినే పారిస్ నగరమున మరణించెను. అప్పటికి ఆతని వయస్సు 54 ఏండ్లు.

ఆతని కొలమానము ఆతనికంటె ఎక్కువ దూరము ప్రయాణము చేసెను. అమెరికాకు గాడర్డ్ అను పండితుడు దానిని కొనిపోయి ఇంగ్లీషులోనికి మార్చెను. జర్మనీలో స్టెర్న్ 1912లో మానసిక వయస్సును నిజవయస్సుచే భాగించు పద్ధతిని ప్రతిపాదించెను. 1916లో టెర్మన్ ఆ భాగఫలమును నూటితో గుణించి లోకమంతట ప్రచారము చేసెను. బినే వలదన్న అంకె ఇట్లు పుట్టినది. తన గురుతుల్యుని ఉద్దేశమునకు అది ద్రోహమని సీమోన్ తరువాత వాపోయెను.

గడియారము పరీక్షలోనికి ప్రబలముగ వచ్చినది 1917లో. అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున దిగి, 17 లక్షలకు పైబడిన సైనికులను పరీక్షించెను. ఒక్కొక్కనితో సావకాశముగ మాటలాడుటకు వ్యవధి యెక్కడిది? పెద్ద గదులలో గుంపుగ కూర్చుండబెట్టి, నిమిషములు లెక్కించి, సంజ్ఞ చేయగనే ఆపుమనిరి. చదువు రానివారికిని, ఇంగ్లీషు తెలియనివారికిని బొమ్మల పరీక్ష వేఱుగ నేర్పఱచిరి. భాష లేదు గనుక న్యాయమైనదని తలచిరి. టెన్నిసు ఆట బొమ్మలో వల లేదు; ఫోనోగ్రాఫునకు బాకా లేదు; ఆ లోపమును గీయవలెను. ఓడ దిగి యెన్నాళ్లో కాని కూలివానికి టెన్నిసు వల ఎట్లు తెలియును? అట్టివారు వేలకొలదిగ మందులని లెక్కకెక్కిరి. బొమ్మ యెంత మూగదైనను, దానిలో ఒక దేశపు అలవాట్లు దాగియుండును.

భారతదేశమునకును ఆ కొలమానము వచ్చెను. 1922లో లాహోరునందు రైస్ అను ఉపాధ్యాయుడు దానిని హిందూస్థానీ భాషకు అనువుగ మార్చెను. పిమ్మట ధార్వాడలో కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు సవరించెను. చదువురాని పిల్లలకొఱకు 1955లో భాటియా చేతిపనుల పరీక్షలను సిద్ధపఱచెను.

బొమ్మలలోని దేశపు అలవాట్లను తొలగించుటకు ఇంగ్లండులో రేవెన్ అనునాతడు 1938లో గీతలు, చుక్కలు, చదరములు మాత్రమే గల 60 ప్రశ్నలను ప్రకటించెను. ఒక పెద్ద పటములో ఒక ముక్క లోపించి యుండును. క్రింద నున్న ముక్కలలో తగినదానిని ఏఱవలెను. నేటి ఉపకారవేతన పరీక్షలలోని పటములు చాలవఱకు ఈ కుటుంబమునకు చెందినవి. రేవెన్ పరీక్షను సాధారణముగ కాలనియమము లేకుండ జరుపుదురు. 1990లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఈ పటములను చూచువారి కనుపాపల కదలికలను యంత్రముతో గుర్తించిరి. జవాబులు సరిగ చెప్పినవారు పటమునంతయు ఒక్క చూపులో మ్రింగినవారు కారు. మొదటి గడినుండి రెండవ గడికి, రెండవదానినుండి మూడవదానికి చూపును మరల మరల త్రిప్పుచు, ఒక్కొక్క మార్పును వేఱుచేసి పట్టుకొనిరి. చుక్కల సంఖ్య యెట్లు మాఱినది? ఆకారము యెటు తిరిగినది? నలుపు ఎచ్చటికి పోయినది? ఒకటి తేలిన పిదప ఇంకొకటి. బయటివానికి మెఱుపువలె తోచునది లోపల చిన్నచిన్న అడుగులే.

1987లో ఫ్లిన్ అను పండితుడు 14 దేశముల లెక్కలను చేర్చి, తాతల తరమువారికంటె మనుమల తరమువారు ఈ విధమైన పటముల పరీక్షలలో చాల ఎక్కువ మార్కులు పొందుచున్నారని చూపెను. ఒకటి రెండు తరములలో మనుష్యుల పుట్టుక మాఱదు. బడి మాఱినది, పుస్తకములలోని బొమ్మలు పెరిగినవి, గీతలను గీతలుగ చూచు అలవాటు వచ్చినది. ఈ పెంపునకు కారణములను గూర్చి పండితులలో వాదములు ఇంకను తీరలేదు.

బోథ్ సీమలోని తల్లి వాకిట ముగ్గు పెట్టునప్పుడు చుక్కలు లెక్కించి, ఒక వైపు గీచిన వంపును రెండవవైపున త్రిప్పి గీయును. ఆమె ప్రక్కన కూర్చుండి చూచిన బాలిక అద్దమునందలి ప్రతిబింబపు ప్రశ్నను ఎన్నో ఏండ్లుగ అభ్యసించినదే. ఐతే అచ్చుకాగితముమీద నున్నది అదియేనని ఆమెకు ఎవరును చెప్పియుండరు. బజారున అమ్మెడి మార్గదర్శినులలో వందలకొలది పటములును, వాని జవాబుల అంకెలును ఉండును గాని, తప్పు ఎట్లు పుట్టినదో తెలుపు పుటలు అరుదు.

1917లో ఫ్రాన్సులోని బాలమనస్తత్త్వ సంఘము తన పేరును మార్చి ఆల్‌ఫ్రెడ్ బినే సంఘమని పెట్టుకొనెను. ఆతని కాగితపు ప్రశ్న మాత్రము పేరు లేకయే దేశదేశములు తిరుగుచున్నది. ఆతని గదిలో బాలుని చేతికి పెన్సిలు ఇచ్చి గీయుమనిరి. గీచినదానిని చూచి ఏ మడతవద్ద పొరపడెనో తెలిసికొనిరి. నేటి పత్రములో నాలుగు పటములు అచ్చువేసి యుండును. బాలుడు వానిలో నొకదాని కెదురుగ నున్న గుండ్రమును నల్లగ నింపి, తరువాతి ప్రశ్నకు పోవును.